రానివాళ్ల లెక్క

ఆరు నెలలుగా మందులకు రాని మనిషి పేరు ఎదుట ఏం రాయాలి? చనిపోయాడని రాయడానికి ఆధారం లేదు. బతికే ఉన్నాడని రాయడానికీ లేదు. గడి ఖాళీగా వదిలేస్తే లెక్క తప్పుతుంది. పేరే కొట్టేస్తే మరీ తప్పుతుంది. వైద్య పరిశోధన వ్యాసం ఎలా రాయాలో నేర్పే పుస్తకాలు ఈ ప్రశ్నతో కాక శీర్షికతో మొదలుపెడతాయి, అబ్‌స్ట్రాక్టుకు (వ్యాస సారాంశానికి) ఎన్ని మాటలో చెబుతాయి, ఇంగ్లీషు వ్యాకరణం జాగ్రత్త అంటాయి. ఆ క్రమం నాకు నచ్చదు. శీర్షిక చివరిరోజు పెట్టుకోవచ్చు, వ్యాకరణం ఎవరిచేతైనా దిద్దించుకోవచ్చు. ఆ ఒక్క గడిలో ఏం రాశారన్నదాన్ని బట్టి వ్యాసం నిలుస్తుంది, లేదా కూలుతుంది. ఆ సంగతి స్పష్టంగా చూడాలంటే కరువు నేల మీద ఉన్న ఒక ఆసుపత్రికి వెళ్లాలి.

అనంతపురం నుంచి కదిరి వెళ్లే దారిలో బత్తలపల్లె వస్తుంది. పట్టుచీరల ధర్మవరం దగ్గరే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు ఈ మండలం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది గానీ, నేలా వానా అనంతపురానివే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల అటూ ఇటూగా వాన. అదైనా వేరుశనగకు కావలసిన వారంలో పడుతుందన్న నమ్మకం లేదు. పంట పోయిన ఏడు ఇళ్లకు తాళాలు పడతాయి. బెంగళూరులో బేల్దారి పనికో, కేరళకో సంసారాలకు సంసారాలు కదిలిపోతాయి. ఈ వలస గురించి కథలు చదివాం, ప్రభుత్వ నివేదికలు చదివాం. అది గణాంకశాస్త్రానికీ పెద్ద చిక్కేనని మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు. ఇక్కడ రోగి ఆసుపత్రికి రావడం మానేశాడంటే జబ్బు ముదిరి మంచాన పడ్డాడో, బెంగళూరు మారతహళ్లిలో ఇటుకలు మోస్తున్నాడో చెప్పలేం. రెండు సందర్భాల్లోనూ రిజిస్టరులో కనిపించేది ఒకటే: ఫలానా తేదీ తర్వాత ఏమీ లేదు.

1969లో విసెంటే ఫెరర్, అన్నే ఫెరర్ అనంతపురంలో మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, జనం నోట ఆర్‌డీటీ, బత్తలపల్లెలో పెద్ద ఆసుపత్రి నడుపుతోంది. అక్కడ హెచ్ఐవీ రోగులకు చూపించుకోవడం, మందులు, అడ్మిషను ఉచితం. ఆర్‌డీటీ ఆసుపత్రులకు వచ్చిన హెచ్ఐవీ రోగుల వివరాలతో సాగిన అధ్యయనం పేరు విసెంటే ఫెరర్ హెచ్ఐవీ కోహార్ట్ స్టడీ. ఒక సమూహంలో చేరినవాళ్లను ఏళ్ల తరబడి గమనిస్తూ పోతే ఆ సమూహాన్ని కోహార్ట్ అంటారు. ఎవరికి ఏ మందు ఇవ్వాలో పరిశోధకులు చీటీలు వేసి నిర్ణయించరు. మామూలుగా జరిగే వైద్యాన్నే శ్రద్ధగా నమోదు చేస్తారు. ఈ నమోదు నుంచి 2012, 2013 సంవత్సరాల్లో వరసగా వ్యాసాలు వచ్చాయి. గెరార్డో అల్వరెజ్-ఊరియా, రాఘవకల్యాణ్ పాకం, మనోరంజన్ మిద్దె, ప్రవీణ్‌కుమార్ నాయక్ వంటి పేర్లు వాటిమీద కనిపిస్తాయి. స్త్రీలకూ పురుషులకూ జబ్బు ఏ దారిన వచ్చింది, వాళ్ల బతుకు పరిస్థితులేమిటి అన్నది ‘ఇన్ఫెక్షియస్ డిసీజ్ రిపోర్ట్స్’లో వచ్చింది. మందులు మొదలుపెట్టాక ఎవరు చనిపోయారు, ఎవరు కనబడకుండా పోయారు అన్నది ‘గ్లోబల్ హెల్త్ యాక్షన్’లో వచ్చింది. మందులు మొదలుపెట్టవలసి ఉండీ ఆలస్యమైనవాళ్ల గురించి ‘బయోమెడ్ రీసెర్చ్ ఇంటర్నేషనల్’లో మరొకటి.

అప్పటి అనంతపురం జిల్లా జనాభా 40 లక్షలు, అందులో 72 శాతం పల్లెల్లోనే. భారతదేశంలో హెచ్ఐవీ మీద పెద్ద పత్రికల్లో వచ్చిన పరిశోధనలో ఎక్కువ భాగం నగరాల్లోని ఆసుపత్రులదీ, పేరుమోసిన సంస్థలదీ. చెన్నై, పుణె, ముంబై రోగులు మనకు కొంత తెలుసు. బస్సు దిగి మూడు మైళ్లు నడిచి ఊరు చేరే రోగి తెలియడు. అందుకే ఈ వ్యాసాలకు విలువ. ఇక్కడి రోగుల్లో కనబడకుండా పోవడం ఇంత సహజం కాబట్టే ఈ వ్యాసాలు రాయడం అంత కష్టం కూడా.

ఆ కష్టం ఎలాంటిదో ఒక ఊహాజనిత లెక్కతో చూద్దాం. వెయ్యిమంది మందులు మొదలుపెట్టారనుకోండి. రెండేళ్ల తర్వాత 700 మంది క్రమంగా వస్తున్నారు. 100 మంది చనిపోయినట్టు ఆసుపత్రికి తెలుసు. 200 మంది జాడ లేదు. జాడ లేనివాళ్లను తీసేసి లెక్క వేస్తే 800 మందిలో 100 మరణాలు, అంటే 12.5 శాతం. జాడ లేనివాళ్లంతా బతికే ఉన్నారనుకుంటే 10 శాతం. అంతా పోయారనుకుంటే 30 శాతం. రిజిస్టరు అదే, రోగులు వాళ్లే. రచయిత ఏ ఊహ పట్టుకున్నాడన్నదాన్ని బట్టి ఆ వైద్యం దివ్యంగానూ కనబడుతుంది, దారుణంగానూ కనబడుతుంది. అబ్‌స్ట్రాక్టులో మాత్రం ఒక్క శాతమే అచ్చవుతుంది.

మరి ఏది నిజం? ఊహించడం మానేసి వెళ్లి వెతకాలి. పేద దేశాల్లో హెచ్ఐవీ వైద్యానికి చేరి, ఆపై రావడం మానేసినవాళ్లను ఇళ్లకు వెళ్లో ఫోను చేసో ఆరా తీసిన 17 అధ్యయనాలను 2009లో ‘ప్లాస్ వన్’ పత్రికలో ఒకచోట చేర్చి చూశారు. ఎక్కువ భాగం ఆఫ్రికావి. జాడ దొరికినవాళ్లలో దాదాపు 40 శాతం చనిపోయి ఉన్నారు. మన లెక్కలో పెట్టి చూడండి: 200 మందిలో 80 మంది. అప్పుడు వెయ్యికి 180 మరణాలు, 18 శాతం. 12.5కూ 18కీ మధ్య ఉన్న దూరం ఏ కొత్త మందు వల్లా వచ్చింది కాదు, రానివాళ్ల గుమ్మం దాకా వెళ్లడం వల్ల వచ్చింది. తర్వాతి ఏళ్లలో చిత్రం కొంత మారింది. మందులు దొరికే కేంద్రాలు పెరిగేకొద్దీ, చెప్పాపెట్టకుండా మరో కేంద్రానికి మారిపోయినవాళ్లు ఎక్కువయ్యారు. అందుచేత ఆ 40 శాతాన్ని ఎక్కడో ఆఫ్రికా నుంచి తెచ్చి బత్తలపల్లెకు అంటించడమూ సరికాదు. బెంగళూరు వెళ్లినవాడు అక్కడి కేంద్రంలో మందులు తీసుకుంటూ ఉండవచ్చు.

‘రావడం మానేశాడు’ అని ఎప్పటి నుంచి అనాలి? చాలాకాలం ఒక్కో ఆసుపత్రి ఒక్కో గడువు పెట్టుకుంది. ఒకరు మూడు నెలలన్నారు, ఒకరు ఏడాదన్నారు. అలాంటప్పుడు ఒక ఊరి లెక్కను మరో ఊరి లెక్కతో పోల్చే వీలుండదు. 2011లో ‘ప్లాస్ మెడిసిన్’లో ఒక అధ్యయనం ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికాల్లోని 111 కేంద్రాల సమాచారం తీసుకుని, చివరిసారి వచ్చి 180 రోజులు దాటితే అలా లెక్కించడం మేలని చెప్పింది. అంతకంటే తక్కువ గడువు పెడితే ఆలస్యంగానైనా తిరిగొచ్చేవాళ్లను పొరపాటున పోయినవాళ్లలో కలిపేస్తాం. ఎక్కువ పెడితే నిజంగా పోయినవాళ్లను తెలుసుకోవడం ఆలస్యమవుతుంది. వ్యాసంలో ‘పద్ధతులు’ అనే భాగంలో ఇది ఒక్క వాక్యం. ఆ వాక్యం లేకపోతే కిందున్న పట్టికలన్నీ దండగ.

కనబడకుండా పోయినవాళ్లు ఉండగానే బతికే అవకాశాన్ని అంచనా వేసే ఉపాయం ఒకటుంది. వైద్య పత్రిక తిరగేసినవాళ్లకు ఆ బొమ్మ తెలిసే ఉంటుంది, మెట్లు మెట్లుగా కిందికి దిగే గీత. దాన్ని కప్లాన్-మైయర్ గీత అంటారు. రోగి ఎంతకాలం మన కళ్లముందు ఉన్నాడో అంతకాలమే లెక్కలో ఉంచుతారు. కనబడకుండా పోయిన రోజు నుంచి అతను లెక్కలోంచి తప్పుకుంటాడు, మరణంగా మాత్రం నమోదు కాడు. ఈ పద్ధతి పుట్టుక వ్యాసప్రతుల చరిత్రలో ఓ ముచ్చట. ఎడ్వర్డ్ కప్లాన్ బెల్ ల్యాబ్స్‌లో, పాల్ మైయర్ జాన్స్ హాప్కిన్స్‌లో ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఒకే ఆలోచన చేసి, విడివిడిగా ఒకే పత్రికకు పంపారు. రెండింటిలో ఒకటి ఎంచుకోకుండా, ఇద్దరూ కలిసి ఒకే వ్యాసం రాయమన్నాడు సంపాదకుడు. ఆ కలపడానికి ఏళ్లు పట్టింది. 1958లో ‘జర్నల్ ఆఫ్ ది అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్’లో వచ్చిన ఆ వ్యాసం, మిగతా పరిశోధకులు అత్యధికంగా ఆధారంగా చూపించిన వ్యాసాల్లో ఒకటి. సంపాదకుడి పని తిప్పి పంపడమే అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఈ ఉపాయానికీ ఒక షరతు ఉంది. కనబడకుండా పోయినవాళ్లకూ, వస్తూ ఉన్నవాళ్లకూ చనిపోయే ప్రమాదం ఒకేలా ఉండాలి. కూలికోసం వెళ్లినవాడి విషయంలో ఇది దాదాపు నిజం కావచ్చు. లేవలేక రానివాడి విషయంలో పూర్తిగా అబద్ధం. కంప్యూటరుకు ఈ తేడా తెలియదు, అడిగిన గీత గీసి ఇస్తుంది. తేడా తెలిసిన మనిషి వ్యాసం రాసే బల్ల దగ్గర ఉండాలి.

ఇక వ్యాసం రాయడం. పరిచయం, పద్ధతులు, ఫలితాలు, చర్చ అనే నాలుగు గదుల ఇల్లు అది. ప్రపంచమంతటా వైద్య పత్రికలు ఈ అమరికకే అలవాటు పడ్డాయి. చదివే క్రమంలోనే రాయాలన్న నియమం ఏమీ లేదు. అనుభవం ఉన్నవాళ్లు ముందు పట్టికలు వేసుకుంటారు, తర్వాత పద్ధతులు రాస్తారు, పరిచయం చివర రాస్తారు. ఫలితాలు చూడకముందే పరిచయం రాసినవాళ్లు దానికి తగ్గట్టు ఫలితాలను వంచుతూ పోవడం చూస్తూనే ఉన్నాం.

2007లో ఎపిడెమియాలజిస్టులూ సంపాదకులూ కలిసి స్ట్రోబ్ అనే 22 అంశాల జాబితా తయారు చేశారు. ఇలాంటి పరిశీలనాత్మక అధ్యయనాల్లో రాయక తప్పనివేమిటో అందులో ఉంటుంది. పన్నెండో అంశంలో ఓ మూల, కోహార్ట్ అయితే, కనబడకుండా పోయినవాళ్ల విషయం ఎలా చూసుకున్నారో చెప్పండి అని అడుగుతారు. పదమూడో అంశం ఒక్కో దశలో ఎంతమంది మిగిలారో, మిగతావాళ్లు ఎందుకు తప్పుకున్నారో చెప్పమంటుంది. వీలైతే బొమ్మ గీసి చూపమంటుంది. చాలామంది ఈ జాబితాను వ్యాసం పూర్తయ్యాక పత్రిక అడిగింది కాబట్టి నింపి పంపుతారు, పేజీ నంబర్లు వేసి. రిజిస్టరు మొదటి పేజీ తెరవకముందు చదవవలసింది అది. ఆ రెండు అంశాలూ ముందే తెలిస్తే, రోగి ఫోన్ నంబరు, ఊరు, చుట్టం పేరు మొదటి రోజే రాసిపెట్టుకుంటారు. మూడేళ్ల తర్వాత గుర్తొస్తే లాభం లేదు.

బత్తలపల్లె వ్యాసాల్లో నాకు ఆసక్తి కలిగించినది ఇంకోటి ఉంది. రోగుల సామాజిక వర్గాన్ని కూడా ఒక అంశంగా తీసుకున్నారు. ఎస్సీ, ఎస్టీ, బీసీ అంటే మనకు రేషన్ కార్డు దగ్గరి నుంచీ తెలిసిన మాటలు. ఇటలీలోనో స్వీడన్‌లోనో కూర్చున్న సంపాదకుడికి తెలియవు. అందుకని ఒక్కో వర్గం అంటే ఎవరో, సమాజంలో వాళ్ల స్థానమేమిటో పద్ధతుల భాగంలో రెండేసి ముక్కల్లో వివరించారు. వేల ఏళ్ల అంటరానితనాన్ని ఒక్క వాక్యంలో, ఏ రసమూ లేని శాస్త్రభాషలో చదవడం కాస్త ఇబ్బందిగా ఉంటుంది. అయినా అలా రాయాల్సిందే. ఆ గడి లేకపోతే ఎవరు ఆలస్యంగా వస్తున్నారు, ఎవరు మధ్యలో జారిపోతున్నారు అన్న ప్రశ్నకు సగం జవాబే దొరుకుతుంది. చదువు, లింగం, వయసు, దూరం ఎలా లెక్కలోకి వస్తాయో కులమూ అలాగే రావాలి.

గోప్యత గురించి ఒక మాట. పదివేల మంది లెక్కలో ఒక మనిషి కనబడడు. కానీ ఒకే రోగి కథ రాసే వ్యాసంలో వయసు, ఊరు, వృత్తి, చేరిన నెల రాశామంటే, ఆ మండలంలో ఎవరైనా వేలు పెట్టి చూపించగలరు. పేరు తీసేసినంత మాత్రాన చాలదు. అంతర్జాతీయ వైద్య పత్రికా సంపాదకుల కమిటీ నియమాలు ఈ విషయంలో రోగి రాతపూర్వక అంగీకారం అడుగుతాయి. భారతదేశంలో 2017 నాటి హెచ్ఐవీ చట్టం ఆ జబ్బు ఉన్నవాళ్ల వివరాలు వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టడాన్ని నిషేధించింది. అంగీకారం అంటే ఎవరి అంగీకారం అన్నది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే పెద్ద గొడవైంది. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో పాఠశాల బాలికలకు హెచ్‌పీవీ టీకాలు వేసిన అధ్యయనంలో, తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టిన సంగతి బయటపడింది; 2010లో ఆ కార్యక్రమమే ఆగిపోయింది. అలాంటి సమాచారంతో ఎంత చక్కటి పట్టిక వేసినా, ‘ఎథిక్స్ కమిటీ అనుమతి’ అన్న లైను దగ్గర అది నిలవదు.

వ్యాసం పత్రికకు వెళ్లింది. ఇక సమీక్ష. సంపాదకుడు ముందు తనే చూస్తాడు, చాలా వ్యాసాలు అక్కడే తిరిగొస్తాయి. మిగిలినవాటిని ఆ విషయం తెలిసిన ఇద్దరు ముగ్గురికి పంపుతాడు. వాళ్లకు సాధారణంగా జీతం లేదు, పేరు కూడా బయటికి రాదు. రాత్రి డ్యూటీ అయ్యాకో ఆదివారంనాడో చదువుతారు. మన ఊహాజనిత వెయ్యిమంది వ్యాసం నా చేతికి వస్తే నేను అబ్‌స్ట్రాక్టు వదిలేసి ముందు కూడికలు చేస్తాను. మొదటి పట్టికలో 1,000 మంది, రెండోదానిలో 912 మంది ఉంటే ఆ 88 మంది ఎక్కడికి పోయారు? రోగనిరోధక శక్తిని చెప్పే సీడీ4 పరీక్ష కొంతమందికే చేశారంటే ఎవరికి చేయలేదు? బాగా జబ్బుగా ఉండి పరీక్ష దాకా రానివాళ్లకా? ‘చదువు లేనివాళ్లలో మరణాలు ఎక్కువ’ అన్నారు. అది చదువు వల్లనా, వాళ్లు ఆలస్యంగా రావడం వల్లనా? ‘మా పద్ధతి వల్ల మరణాలు తగ్గాయి’ అని చివర రాశారు. మరి అవే సంవత్సరాల్లో ప్రభుత్వం మందులు ఇచ్చే సీడీ4 హద్దు కూడా మారిందిగా? ఇలాంటి ప్రశ్న ఒక్కటి సరిగ్గా పడితే, ఇంగ్లీషు దిద్దిన పది సలహాల కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

జవాబు రాయడం కూడా ఒక విద్యే. కొత్తగా రాసేవాళ్లు సమీక్ష చదివి రెండు రోజులు కోపంతో ఉంటారు, మూడోరోజు పొగడ్తలతో జవాబు పంపుతారు. రెండూ పనికిరావు. ఒక్కో ప్రశ్నా ఎత్తి రాసి, దాని కింద ఏం మార్చామో, ఏ పేజీలో మార్చామో చెప్పాలి. ఒప్పుకోని చోట ఎందుకు ఒప్పుకోమో ఆధారంతో చెప్పాలి. సమీక్షకుడు పొరబడవచ్చు. అనంతపురం ఎలాంటిదో తెలియని సమీక్షకుడు, రోగులకు వారం వారం ఫోన్ ఎందుకు చేయలేదని అడగవచ్చు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ కొడుకుతోపాటు బెంగళూరు వెళ్లిపోతుందని మర్యాదగా రాయడమే దానికి జవాబు. ఆ వాక్యం వ్యాసంలోకి కూడా వెళితే చదివేవాళ్లకు ఇంకా మేలు.

ఇంతా చేసి ఈ సమీక్ష తప్పులు పడుతుందా? పెద్దగా పట్టదు. 1998లో ‘జామా’లో వచ్చిన ఒక ప్రయోగంలో, ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’ వాళ్లు ఒక వ్యాసంలో కావాలనే 8 లోపాలు చొప్పించి 420 మంది సమీక్షకులకు పంపారు. జవాబిచ్చినవాళ్లు 221 మంది. సగటున ఒక్కొక్కరు పట్టుకున్నవి రెండు. సమీక్షకుడి పేరు దాచినా, బయటపెట్టినా తేడా రాలేదు. ఇది చదివి సమీక్ష దండగ అనుకోనక్కర్లేదు. ముగ్గురు వేరువేరు లోపాలు పట్టుకుంటే వ్యాసం బాగుపడుతుంది. కానీ ‘సమీక్ష జరిగింది’ అన్న ముద్ర చూసి నిశ్చింతగా ఉండేవాళ్లకు ఆ రెండు అన్న అంకె తెలియాలి.

సమీక్షకుడికి అసలు చేతకానిది ఇంకొకటి ఉంది. అతను వ్యాసాన్ని చూస్తాడు, రిజిస్టరును చూడడు. కోవిడ్ మొదటి ఏడాది 2020 మే 22న ‘లాన్సెట్’లో హైడ్రాక్సీక్లోరోక్విన్ మీద ఒక వ్యాసం వచ్చింది. ఆరు ఖండాలు, 671 ఆసుపత్రులు, 96,032 మంది రోగులు. ఆ మందు ప్రమాదమని అది చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ప్రయోగంలో ఆ మందు భాగాన్ని వెంటనే ఆపింది. తర్వాత జనం కూడికలు మొదలుపెట్టారు. ఆ వ్యాసం ప్రకారం ఏప్రిల్ 21 నాటికి ఆస్ట్రేలియాలోని కొన్ని ఆసుపత్రుల్లోనే 73 కోవిడ్ మరణాలు. అప్పటికి ఆ దేశమంతా కలిపి నమోదైనవి 67. వందమందికి పైగా శాస్త్రజ్ఞులు బహిరంగ లేఖ రాశారు. అసలు సమాచారం చూపమని అడిగితే దాన్ని ఇచ్చిన సర్జిస్ఫియర్ అనే సంస్థ చూపలేదు. జూన్ 4న, అంటే అచ్చయిన రెండు వారాలకే, వ్యాసం వెనక్కి పోయింది. అదే రోజు అదే సంస్థ సమాచారంతో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్’లో వచ్చిన మరో వ్యాసమూ వెనక్కి పోయింది. ప్రపంచంలో మొదటి వరసలో ఉన్న రెండు పత్రికలు అవి. లక్షమందికి దగ్గరగా రోగులున్న ఆ వ్యాసంలో కనబడకుండా పోయినవాళ్ల బాధే లేదు, అంత శుభ్రంగా ఉంది. పల్లె ఆసుపత్రి సమాచారం ఎప్పుడూ అంత శుభ్రంగా ఉండదు. ఖాళీ గడులు ఉంటాయి, ఎందుకు ఖాళీనో కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. సమీక్షకుడిగా నాకు ఆ మరకలే భరోసా ఇస్తాయి.

మోసంలో మనవాళ్ల వాటా కూడా చెప్పాలి. హైదరాబాదు కేంద్రంగా పనిచేసిన ఒమిక్స్ అనే సంస్థ వందల కొద్దీ పత్రికలు నడిపింది. సమీక్ష చేస్తామని చెప్పి చేయడం లేదనీ, ప్రచురణ రుసుము సంగతి ముందు దాచి తర్వాత వసూలు చేస్తోందనీ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016 ఆగస్టులో దావా వేసింది. 2019 మార్చిలో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని ఆదేశించింది. ఇలాంటి పత్రికలకు గిరాకీ ఎక్కడి నుంచి వస్తోంది? మన మెడికల్ కాలేజీల్లో అసోసియేట్ ప్రొఫెసరు కావాలన్నా, ప్రొఫెసరు కావాలన్నా వ్యాసాలు అచ్చయి ఉండాలన్న నియమం నుంచి. రోజుకు వంద మంది ఓపీ చూసే సర్జను, పరిశోధన నేర్పినవాళ్లు లేక, సమయమూ లేక, డబ్బు కట్టి పేరు వేయించుకుంటాడు. అతన్ని తిట్టడం తేలిక. ఆ నియమం పెట్టి, గణాంకాలు చూసే మనిషి ఒక్కడిని కూడా కాలేజీకి ఇవ్వని వ్యవస్థది పెద్ద తప్పని నా అభిప్రాయం. బత్తలపల్లెలో ప్రమోషన్ల ఒత్తిడి లేని ఒక స్వచ్ఛంద ఆసుపత్రి చేసిన పని, ఇన్ని మెడికల్ కాలేజీలు ఉన్న రాష్ట్రంలో ఎన్నిచోట్ల జరుగుతోందో చూస్తే ఈ మాట కఠినం అనిపించదు.

పేర్ల సంగతి కూడా ఇక్కడే. వ్యాసం మీద ఎవరి పేరు ఉండాలన్నదానికి సంపాదకుల కమిటీ నాలుగు షరతులు పెట్టింది: ఆలోచనలోనో సమాచారంలోనో గట్టి పని చేసి ఉండాలి, రాతలో పాలు ఉండాలి, చివరి ప్రతిని ఆమోదించాలి, అందులోని ప్రతి మాటకూ జవాబుదారీ కావాలి. నాలుగూ ఉండాలి. విభాగం అధిపతి అన్న ఒక్క కారణంతో పేరు పెట్టకూడదు, పని చేసిన కుర్ర డాక్టరు పేరు ఎగ్గొట్టకూడదు. భీమవరంలో పుట్టి హార్వర్డ్ వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు, 1925లో రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరాన్ని కొలిచే పద్ధతి వ్యాసం మీద, సైరస్ ఫిస్క్ పేరు తర్వాత వచ్చింది. ఆ పద్ధతి ఇప్పటికీ ఫిస్క్-సుబ్బారో పద్ధతే. పేరు రెండోదైనా నిలిచింది. హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం మాత్రం రాలేదు. 1940లో ఆయన లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లిపోయాడు.

ఈ నాలుగు షరతుల ప్రకారం చూస్తే, రానివాళ్ల ఇంటికి వెళ్లి తలుపు తట్టి, బతికే ఉన్నాడనో, పోయిన సంక్రాంతికే పోయాడనో కనుక్కుని వచ్చే కార్యకర్తకు రచయితగా చోటు దొరకదు. ఆమెది సమాచారం సేకరించడం ఒక్కటే. రాయలేదు, చివరి ప్రతి చదవలేదు. ఆమెకు దక్కేది వ్యాసం చివర ఒక కృతజ్ఞత, అదీ చాలాసార్లు ‘క్షేత్ర సిబ్బందికి’ అని గంపగుత్తగా. నియమం ప్రకారం అది సరైనదే. అయినా మన లెక్కలో 12.5ను 18 చేసింది ఆమె. ఆ పని విలువ తెలిసిన రచయితలు కనీసం పద్ధతుల భాగంలో, ఎవరు వెళ్లారు, ఎన్ని ఇళ్లకు వెళ్లారు, ఎన్ని తలుపులకు తాళం ఉంది అన్నది రాయాలి. అంతకంటే గట్టి సాక్ష్యం వ్యాసంలో మరొకటి ఉండదు.

బత్తలపల్లె వ్యాసాల్లో నేను చెప్పినవి చందా అక్కర్లేకుండా చదవగలిగిన పత్రికల్లో వచ్చాయి. ఇంటర్నెట్టులో పబ్‌మెడ్ సెంట్రల్‌లో ఆసుపత్రి పేరుతో వెతికితే దొరుకుతాయి. మెడికల్ కాలేజీలో చదివే పిల్లలు ఎవరైనా ఈ అధ్యాయం చదువుతుంటే, వాటిలో ఒకటి తెరవండి. అబ్‌స్ట్రాక్టు దాటేసి ముందు మొదటి పట్టికకు వెళ్లండి, కాగితం మీద కూడికలు చేయండి. కూడిక కలవకపోతే రచయితలకు ఉత్తరం రాయండి. వాళ్ల చిరునామా వ్యాసంలోనే ఉంటుంది.